పెరట్లో సికమోర్ వేయొచ్చా?

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు మొదటి వేసవికే అడుగుతారు: "పడమటి ఎండకి హాలంతా ఉడికిపోతోంది, త్వరగా నీడనిచ్చే చెట్టు ఏదైనా చెప్పండి" అని. సికమోర్ ఆ పని బాగా చేస్తుంది, వేగంగా పెరుగుతుంది కూడా. కాకపోతే ఇది కాలిఫోర్నియా వాగుల ఒడ్డున పెరిగే చెట్టు. కొనేముందు లివర్‌మోర్‌లోని సికమోర్ గ్రోవ్ పార్కుకి వెళ్లి దాని అసలు సైజు చూసి రండి. పెచ్చులూడి తెల్లగా మెరిసే మాను, ఇష్టమొచ్చినట్టు వంకర తిరిగిన కొమ్మలు, 70 అడుగుల ఎత్తు, 50 అడుగుల విస్తీర్ణం. చిన్న లాట్ అయితే నేను వద్దనే అంటాను. వెస్టర్న్ రెడ్‌బడ్ లాంటి చిన్న చెట్టేదైనా వేసుకుని, సికమోర్ కింద కూర్చోవాలనిపించినప్పుడు పార్కుకే వెళ్లండి.

చోటుందా, అయితే ఇంటికి పడమరో నైరుతో ఎంచుకోండి. నైరుతిలో పెద్ద చెట్టుకి వాస్తు కూడా ఒప్పుకుంటుంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ ఉండదు. చలికాలంలో ఆకులు రాలిపోతాయి, అప్పుడు ఎండ ఇంట్లోకి వస్తుంది. గోడకీ మురుగునీటి పైపుకీ కనీసం 20 అడుగుల దూరం ఉంచండి. పాత మట్టి పైపుల అతుకుల్లోంచి వేళ్లు లోపలికి దూరిపోతాయి. గుంత తవ్వడానికి కొద్దిరోజుల ముందే 811కి ఫోన్ చేస్తే భూమిలో గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టిపోతారు. పక్కింటి సోలార్ ప్యానెళ్లు కూడా చూసుకోండి. అవి పెట్టాక మీరు నాటిన చెట్టు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 మధ్య ప్యానెల్‌లో 10 శాతానికి మించి నీడ వేయకూడదని 1978 నుంచీ రాష్ట్ర చట్టం ఉంది.

నర్సరీలో ట్యాగ్ మీద ప్లాటనస్ రేసిమోసా అని దీని శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. లండన్ ప్లేన్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ ఇక్కడి చెట్టు కాదు. 15 గ్యాలన్ల కుండీలోది చాలు. అక్టోబరు, నవంబరుల్లో నాటితే వానలకే వేళ్లు పట్టుకుంటాయి. మొదటి రెండు మూడు వేసవులు వారానికోసారి లోతుగా నీళ్లు పెట్టాలి. రోజూ లాన్‌కి పట్టే స్ప్రింక్లర్ నీళ్లతో సరిపెడితే వేళ్లు పైపైనే ఉండిపోతాయి.

అసలు టెన్షన్ ఏప్రిల్, మే నెలల్లో మొదలవుతుంది. కొత్తగా వచ్చిన ఆకులు నరాల వెంట గోధుమరంగుకి మారి, ముడుచుకుని రాలిపోతాయి. చెట్టు చచ్చిపోతోందని కంగారుపడి స్ప్రేలకి డబ్బులు తగలేయకండి. అది ఆంత్రాక్నోస్ అనే ఫంగస్ తెగులు, చల్లటి వానల వసంతంలో వస్తుంది. ఎండలు ముదిరాక చెట్టు మళ్లీ చిగురిస్తుంది. రాలిన ఆకులు ఊడ్చేసి, ఎండిన రెమ్మలు కత్తిరిస్తే చాలు.

ఆకుల అడుగున సన్నటి నూగు ఉంటుంది. ఊడ్చేటప్పుడు అది గాల్లోకి లేచి దగ్గు తెప్పిస్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఈ పని వాళ్లకి అప్పజెప్పకండి. మిగతావాళ్లు కూడా మాస్క్ పెట్టుకోవడం మంచిది.

నచ్చకపోతే తర్వాత కొట్టేద్దాంలే అని మాత్రం నాటకండి. శాన్ హోసేలో నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టుకొలత 38 అంగుళాలు దాటితే, మీ పెరట్లోదైనా సరే, సిటీ పర్మిట్ లేకుండా కొట్టడానికి వీల్లేదు.