గడ్డి కుప్ప ఎందుకు కుళ్లడం లేదు?

ప్రశ్న: వరిగడ్డి కుప్పపై బ్యాక్టీరియా ద్రావణం చల్లి నెలన్నర అయింది. గడ్డి పసుపుగానే ఉంది. మందు నకిలీదా?

జవాబు: మందును అనుమానించే ముందు నత్రజని సంగతి చూడండి. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి 60–80 పాళ్లు కార్బన్ ఉంటుంది. బ్యాక్టీరియాకు 25–30 పాళ్లయితేనే పని సాగుతుంది. టన్ను గడ్డికి 8–10 కిలోల యూరియా నీళ్లలో కరిగించి, పచ్చి పేడతో కలిపి పొరపొరకూ చల్లండి. అంతకు మించితే అమ్మోనియా ఘాటు వస్తుంది, నత్రజని గాలిపాలే.

గడ్డిని జానెడు లోపు ముక్కలు చేయండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి; ధారగా కారితే గాలి ఆడక కుళ్లు కంపు కొడుతుంది. కుప్ప కనీసం మీటరు ఎత్తుండాలి, లేకపోతే వేడి నిలవదు. లోపల 55–60 డిగ్రీలు దాటాక తగ్గుముఖం పట్టగానే తిరగేయండి. అన్నట్టు, క్లోరిన్ కలిపిన నీళ్లతో ద్రావణం కలిపారా? అయితే చాలా బ్యాక్టీరియా అక్కడే చచ్చి ఉంటుంది.