సీపీఆర్ చేస్తూ డాక్టర్లు మనిషిని వదిలేసి మానిటర్ వైపు ఎందుకు చూస్తారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఐసీయూలో మీ నాన్నగారి గుండె ఆగినప్పుడు మీరు అద్దం బయట నిలబడి ఉన్నారు. ఛాతీ నొక్కుతున్నవాళ్లూ, పక్కనున్న డాక్టరూ ఆయన మొహం కూడా చూడకుండా మానిటర్ వైపే చూశారని, మధ్యలో ఎవరో "కింద ఇరవై కూడా రావట్లేదు, మనిషిని మార్చండి" అని అరిచారని రాశారు. అంటే అప్పుడే ఆశ వదిలేసుకున్నారా అని అడిగారు.

నేను మత్తు డాక్టర్‌ని, పన్నెండేళ్లుగా ఐసీయూలో పని. మీ నాన్నగారి కేసు షీటు నేను చూడలేదు, కాబట్టి ఆయన గురించి ఏమీ చెప్పను. ఆ మాట గురించి మాత్రం చెప్పగలను. అదే మాట నేనూ చాలాసార్లు అన్నాను. ఆశ వదిలేసుకున్నవాళ్లు అనే మాట కాదది. మార్చమన్నది కూడా నొక్కుతున్న మనిషిని.

గుండె ఆగినప్పుడు బయటి నుంచి నొక్కితే రక్తం మెదడుకీ మిగతా ఒంటికీ వెళ్తుంది. కానీ గుండె కండరానికి రక్తం అందేది ఎక్కువగా నొక్కినప్పుడు కాదు, చేయి వదిలినప్పుడు. ఆ వదిలిన క్షణంలో పెద్ద ధమనిలో మిగిలే ఒత్తిడే గుండెకి తిండి. మనం మామూలుగా కింది బీపీ అనేది అదే, మీరు విన్న "కింద ఇరవై" దాని గురించే. అది మరీ తక్కువగా ఉంటే పైకి ఎంత బాగా నొక్కుతున్నట్టు కనిపించినా గుండె మళ్లీ మొదలవడానికి కావలసిన రక్తం దానికి అందదు. 1990లో అమెరికాలో వంద మంది మీద చేసిన ఒక అధ్యయనం ఉంది. ధమనిలోని ఈ ఒత్తిడిలోంచి గుండె కుడి గదిలోని ఒత్తిడి తీసేస్తే మిగిలేది, కనీసం కాసేపైనా 15కి చేరని ఏ ఒక్కరికీ గుండె తిరిగి కొట్టుకోలేదు.

మాకు నేర్పే లెక్క అందరికీ ఒకటే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలి. కానీ ఛాతీ ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. నలభై అయిదు కిలోల ముసలావిడకీ, వంద కిలోల మనిషికీ అదే లోతు నొక్కితే లోపల ఒకే ఒత్తిడి పుట్టదు. చేతికి ముందే సన్నటి గొట్టం, ఆర్టీరియల్ లైన్ అంటాం, వేసి ఉంటే ఆ ఒత్తిడి ప్రతి నొక్కుకీ స్క్రీన్ మీద కనిపిస్తుంది. నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసి ఉంటే ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా కనిపిస్తుంది. ఊపిరితిత్తులకి రక్తం వెళ్తేనే ఆ గ్యాస్ బయటికొస్తుంది కాబట్టి మన నొక్కుడు ఎంత రక్తాన్ని కదుపుతోందో అది చెప్తుంది. మామూలు మనిషికి 35 నుంచి 45 ఉంటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో పెద్దవాళ్లకి పెట్టుకోమన్న లక్ష్యాలు: కింది బీపీ 25కి పైన, ఈ గ్యాస్ 20కి పైన.

ఒక రాత్రి సంగతి చెప్తాను. పేగు ఆపరేషన్ అయిన రెండో రోజు, యాభై దాటిన మనిషి. ట్యూబ్ ఉంది, మణికట్టులో లైన్ ఉంది. నేను పరుగెత్తుకెళ్లేసరికి మా స్టాఫ్ బ్రదర్ నొక్కుతున్నాడు. బలమైన కుర్రాడు, వేగం సరిగ్గా ఉంది, చెమట అతని గడ్డం మీదుగా ఈసీజీ స్టిక్కర్ల మీద పడుతోంది. చూసినవాళ్లెవరైనా ఇంతకన్నా బాగా చేయలేరనే అంటారు. స్క్రీన్ మీద కింది బీపీ 14, గ్యాస్ 9.

అప్పుడు అతని చేతుల వైపు చూశాను. నొక్కాక అరచేతులు పూర్తిగా పైకి రావట్లేదు, అలిసిపోయి కొంచెం బరువు ఛాతీ మీదే ఆనించి ఉంచుతున్నాడు. ఛాతీ తిరిగి లేవకపోతే గుండె నిండదు. దానికి తోడు పుండ్లు పడకుండా వేసిన ఎయిర్ బెడ్‌లో ఇంకా గాలి ఉంది. అతను నొక్కే లోతులో సగం పరుపే మింగేస్తోంది. గాలి తీయించి వీపు కింద బోర్డు తోయించాను. మనిషిని మార్చాం. రెండో సిస్టర్ సన్నగా ఉంటుంది, స్టూలెక్కి మోచేతులు వంచకుండా నొక్కింది. కింది బీపీ 22. చేతుల్ని ఒక వేలు వెడల్పు కిందికి జరపమన్నాను. 26.

ఇంకొకటి చూశాను. ట్యూబ్‌లోకి గాలి పంపే అంబు బ్యాగ్ పట్టుకున్న జూనియర్ టెన్షన్‌లో దాన్ని ఆగకుండా పిండుతున్నాడు. ట్యూబ్ ఉన్నప్పుడు ఆరు సెకన్లకి ఒక్క ఊపిరి చాలు. ఎక్కువ ఇస్తే ఛాతీ లోపల ఒత్తిడి పెరిగి గుండెలోకి రక్తం రాదు. పైగా గ్యాస్ అంకె కూడా ఉత్తుత్తిగానే తగ్గి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అతని పక్కన నిలబడి ఆరు దాకా పైకి లెక్కపెట్టాను. రక్తనాళాల్ని బిగించే అడ్రినలిన్ మందు మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి ఇవ్వచ్చు. నొక్కుడు బాగున్నా కింది బీపీ జారుతుంటే రక్తనాళాలు వదులైపోయాయని అర్థం, అందుకని నేను ఐదు దాకా ఆగకుండా మూడుకే ఇచ్చాను. గ్యాస్ 19 దగ్గర కాసేపు నిలబడింది. పదకొండో నిమిషంలో ఒక్కసారిగా 41కి ఎగిరింది. చేతులు తీయమన్నాను. ఎవరూ నొక్కకుండానే స్క్రీన్ మీద బీపీ చూపించే ఎర్ర గీతలో అలలు వస్తున్నాయి.

ఆయన మూడు వారాలకి నడిచి ఇంటికెళ్లారు. అందరికీ ఇలా అవుతుందని మాత్రం అనుకోకండి.

ఈ అంకెల్ని నమ్మేముందు వాటినీ అనుమానించాలి. హడావుడిలో లైన్‌లోని ఒత్తిడిని కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ మంచం కిందికి వేలాడితే బీపీ లేనిది ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి నేనే మోసపోయి, అంతా బాగుందనుకుని రెండు నిమిషాలు పోగొట్టాను. ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ గుర్తున్నాయి. సోడా బైకార్బొనేట్ ఇస్తే గ్యాస్ కాసేపు పెరుగుతుంది, అడ్రినలిన్ ఇస్తే తగ్గుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళంలో పెద్ద రక్తపు గడ్డ అడ్డుపడితే ఎంత బాగా నొక్కినా అది పెరగదు.

ఇలా అంకెని బట్టి నొక్కితే తప్పకుండా ఎక్కువమంది బతుకుతారని ఇంకా రుజువు కాలేదు. కింది బీపీ బాగున్న పిల్లలు ఎక్కువగా బతికారని 2018లో అమెరికా ఐసీయూల నుంచి ఒక అధ్యయనం వచ్చింది. శిశువుల్లో 25, అంతకన్నా పెద్ద పిల్లల్లో 30 దాటినవాళ్ల గురించి అది. అదే దేశంలో సిబ్బందికి మంచం పక్కనే తర్ఫీదిచ్చి, ప్రతి కేసు తర్వాతా కూర్చుని చర్చించి చూస్తే, 2022లో వచ్చిన ఫలితంలో మెదడు బాగుండి ఇంటికెళ్లిన పిల్లల సంఖ్య చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. అయినా నేను అంకె చూడటం మానను. 14 కనబడుతుంటే చేతులు సరిచేయకుండా ఉండలేను. అసలు ఛాతీ నొక్కే పద్ధతి పుట్టిందే ఇలా. 1950ల చివర్లో జాన్స్ హాప్కిన్స్‌లో నికర్‌బాకర్ అనే యువ పరిశోధకుడు కుక్క ఛాతీ మీద షాక్ ఇచ్చే బరువైన పలకలు ఒత్తినప్పుడల్లా ధమని బీపీ గీత కొంచెం లేవడం గమనించాడు. అక్కడి నుంచే ఛాతీ నొక్కడం గురించి 1960లో అచ్చయిన వ్యాసం, దాంతో ఈ సీపీఆర్ వచ్చాయి.

ఇక ఆపడం సంగతి. ట్యూబ్ ఉన్న మనిషికి ఇరవై నిమిషాలు సరిగ్గా నొక్కాక కూడా గ్యాస్ 10 దాటకపోతే తిరిగొచ్చే అవకాశం చాలా చాలా తక్కువ. కానీ ఆ ఒక్క అంకె చూసి ఎవరూ ఆపరు, ఆపకూడదు. గుండె ఎందుకు ఆగింది, అంతకుముందు ఒళ్లు ఎలా ఉంది అన్నవీ చూస్తారు. ఏ నిమిషానికి ఏం చేశారో కేసు షీటులో రాసి ఉండాలి. మీరు రికార్డు కాపీ అడిగి తీసుకోవచ్చు, ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టర్‌తో కూర్చుని చెప్పించుకోవచ్చు. అడగడానికి మొహమాటపడకండి. ఇలా అడిగిన కుటుంబాల మీద నాకెప్పుడూ కోపం రాలేదు.

చివర్లో, ఇంట్లో అమ్మగారికి ఇలా జరిగితే మానిటర్ లేకుండా ఏం చేస్తామని అడిగారు. పిలిస్తే పలకకుండా, ఊపిరి మామూలుగా లేకపోతే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టండి. శిక్షణ లేనివాళ్లు నోటితో ఊపిరి ఇవ్వక్కర్లేదు, నొక్కితే చాలు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా లేవనివ్వండి, రెండు నిమిషాలకోసారి మనిషి మారండి. మంచం మీద పడిపోయి ఉంటే ముందు నేల మీదికి దించండి. పరుపు మీద నొక్కితే ఏమవుతుందో పైన చెప్పాను కదా.