హ్యుమిడిఫైయర్ సంగతి తర్వాత, ముందు ఆ ముక్కు చుక్కలు ఆపండి

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. చలికి రాత్రంతా గదిలో హీటరు వేస్తున్నాం. పొద్దున లేచేసరికి ముక్కు దిబ్బడ, గొంతు ఎండిపోయి ఉంటోంది. రెండుసార్లు ముక్కులోంచి రక్తం కూడా వచ్చింది. నెల రోజులుగా తెల్లవారుజామున పొడి దగ్గు. మావారికి ఎప్పుడో రాసిన ముక్కు చుక్కలు రోజూ పడుకునేముందు వేస్తే నిద్రపోతున్నాడు. గదిలో గాలి పొడిబారడం వల్లే ఇదంతా అంటున్నారు. పన్నెండు బై పన్నెండు అడుగుల గదికి, గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫైయర్ ఎన్ని లీటర్లది కొనాలి? నీళ్లలో నీలగిరి తైలం వేయొచ్చా?

జవాబు: మీరు అడిగింది లీటర్ల గురించి. నాకు కంగారు పుట్టించింది మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకెళ్లిపోయిన చుక్కల సంగతి. పెద్దవాళ్లకు రాసిన మందు ఆరేళ్ల పిల్లాడికి, అదీ రోజూనా? సీసా మీద చూడండి, జైలోమెటజోలిన్ అనో ఆక్సీమెటజోలిన్ అనో ఉంటుంది. ఇవి ముక్కులో రక్తనాళాలను కుదించి దారి తెరుస్తాయి. వాడాల్సింది మూడు రోజులు, మహా అయితే ఐదు. అది దాటితే, మందు పని అయిపోగానే లోపలి పొర మునుపటికంటే ఎక్కువ వాస్తుంది. దిబ్బడ, మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. పొద్దున మీరు చూస్తున్న దిబ్బడలో సగం ఈ మందు పుణ్యమే కావచ్చు. పొరను ఎండబెట్టి రక్తం రావడానికీ ఇది తోడవుతుంది. పైగా జైలోమెటజోలిన్ పెద్దల సీసాలో 0.1 శాతం, పిల్లలదాంట్లో 0.05 శాతం. అంటే చుక్కకు రెట్టింపు మందు పడుతోంది.

ఇక వేయకండి. ఆపిన తర్వాత కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైనే, ముక్కు బాగా బిగుస్తుంది. బాబు అవస్థ చూడలేక సరిగ్గా అప్పుడే చాలామంది మళ్లీ సీసా తీస్తారు. ఉప్పునీటి చుక్కలు, అంటే సెలైన్, రోజుకు నాలుగైదుసార్లు వేయండి. వాటికి ఈ ఇబ్బంది లేదు. ముక్కులో వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రే అవసరమా కాదా అన్నది ముక్కు లోపల చూసి డాక్టర్ తేల్చాలి, మందుల షాపు కౌంటర్ దగ్గర కాదు.

రెండోది, నెల రోజుల తెల్లవారుజాము దగ్గు. దాన్ని పొడిగాలి ఖాతాలో వేసేయకండి. ఆ వేళకే వచ్చే పొడి దగ్గు ఉబ్బసం మొదలు కావచ్చు, ఎలర్జీ కావచ్చు, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే గ్రంథులు) వాచడం కావచ్చు. చూడకుండా నేను ఏదీ ఖాయంగా చెప్పలేను. పరిగెత్తితే దగ్గుతున్నాడా, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయా, నోరు తెరిచి గురక పెడుతున్నాడా గమనించి ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతున్నా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. ఒకవేళ దుమ్ములో ఉండే, కంటికి కనిపించనంత చిన్న పురుగుల (డస్ట్ మైట్స్) ఎలర్జీయే అయితే, తేమ పెరిగిన కొద్దీ అవీ పెరుగుతాయి. అప్పుడు మీరు కొన్న యంత్రమే దగ్గును పెంచుతుంది. అందుకే కొనడానికి తొందరపడొద్దంటున్నాను.

గాలి పొడిబారడం మాత్రం నిజమే. బయట 5 డిగ్రీల చలిలో 80 శాతం తేమ ఉన్న గాలిని గదిలో 22 డిగ్రీలకు వేడి చేస్తే, తేమ 26 శాతం దగ్గరికి పడిపోతుంది. నీరు ఎక్కడికీ పోలేదు, వేడెక్కిన గాలి పట్టుకోగల నీరు పెరిగింది, అంతే. ఆయిల్ హీటరైతే గాలి ఎండదంటారు. గది అంతే వెచ్చబడితే ఏ హీటరైనా ఒకటే. 18-20 డిగ్రీల దగ్గర ఆపి దుప్పటి కప్పితే సగం సమస్య ఖర్చు లేకుండా తీరుతుంది. (మీది గ్యాస్ హీటరో బొగ్గుల కుంపటో అయితే మూసిన గదిలో అసలు వాడకండి, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం పోతుంది.)

మొదట కొనాల్సింది హైగ్రోమీటర్, అంటే గాలిలో తేమ కొలిచే మీటరు. చవకవి తప్పు చూపిస్తాయి, కాబట్టి పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి చొరబడని కవరులో ఎనిమిది గంటలు ఉంచండి. 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు చెప్పేదానికి ఐదు కలుపుకోండి. గదిలో తేమ 30-50 శాతం మధ్య ఉంటే చాలు. కిటికీ అద్దం మీద నీళ్లు కారుతున్నాయంటే ఎక్కువైనట్టే, తర్వాత వచ్చేది గోడకు బూజు.

ఇక లీటర్లు. మీ గదిలోని గాలిని 25 నుంచి 40 శాతానికి తేవడానికి కావాల్సింది 120 మిల్లీలీటర్లు, అర గ్లాసు పైచిలుకు. సందుల్లోంచి పోయేదీ, పరుపులూ పరదాలూ పీల్చేదీ కలుపుకున్నా గంటకు 200-300 మిల్లీలీటర్లు వదిలే 3-4 లీటర్ల ట్యాంకు రాత్రికి ధారాళం. పిల్లలున్న గదిలో నీటిని మరిగించి ఆవిరి వదిలే రకం వద్దు, ఒక్కసారి ఒలికితే ఒళ్లు కాలుతుంది. కంపనాలతో నీటిని పొగమంచుగా మార్చే అల్ట్రాసోనిక్ రకం చప్పుడు చేయదు, కానీ నీటిలోని లవణాలను కూడా పొగమంచుతో పాటే గాల్లోకి చిమ్ముతుంది. సామాన్ల మీద తెల్లపొడి, బాబు ఊపిరిలోనూ అదే. గదిలో ఎయిర్ ప్యూరిఫైయర్ ఉంటే దానికి ఎర్రలైటు వెలగడం ఇందుకే. కాచిన నీళ్లతో లాభం లేదు, కాస్తే లవణాలు పోవు. డిస్టిల్డ్ వాటర్ మేలు, దొరక్కపోతే ఆర్వో నీళ్లు. తడి ఫిల్టరు గుండా ఫ్యాను గాలి తోలే రకానికి ఈ పొడి గొడవ ఉండదు, తేమ మితిమీరడమూ తక్కువ. కొంచెం చప్పుడు, ఎప్పటికప్పుడు ఫిల్టరు మార్చాలి. నా ఓటు దానికే. మంచానికి మూడడుగుల దూరంలో, నేలకు రెండడుగుల ఎత్తులో, మంచు మొహం మీదికి రాకుండా పెట్టండి.

నీలగిరి తైలం, కర్పూరం, బామ్, ఏవీ ట్యాంకులో వేయొద్దు. ప్లాస్టిక్ పగులుతుంది, ఉబ్బసం ఉన్న పిల్లలకు దగ్గు తిరగబెడుతుంది. శుభ్రం చేసే మందులు కూడా అంతే. దక్షిణ కొరియాలో హ్యుమిడిఫైయర్ నీళ్లలో కలపడానికని అమ్మిన క్రిమిసంహారకాల వల్ల గర్భిణులు, పసిపిల్లలు ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయారు. 2011లో గానీ కారణం తేలలేదు.

రోజూ ప్లగ్గు తీసి, ట్యాంకు, అడుగు పళ్లెం రెండూ ఒంపి, తుడిచి ఆరబెట్టండి. నిన్నటి నీళ్లమీదే పోయడం వద్దు. మూడు రోజులకోసారి పళ్లెంలో తెల్ల వెనిగర్ పోసి అరగంట ఉంచి, మెత్తటి బ్రష్షుతో గార వదిలించి కడగండి. తర్వాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడుతో తుడిచి మళ్లీ కడగండి. బ్లీచ్, వెనిగర్ కలిశాయా, విషవాయువు పుడుతుంది. వేలికి జారుడుగా జిగట తగిలిందంటే సూక్ష్మజీవులు కాపురం పెట్టినట్టే. యంత్రం వేసిన కొన్ని గంటలకు జ్వరం, చలి, దగ్గు వచ్చి, వేరే చోట పడుకుంటే తగ్గుతుంటే వెంటనే ఆపేసి డాక్టరుకు చెప్పండి.

రక్తం వచ్చినప్పుడు తల వెనక్కి వాల్చకుండా, ముందుకు వంచి కూర్చోబెట్టి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. మధ్యలో తీసి చూడకూడదు. అరగంటకూ ఆగకపోతే ఆసుపత్రికే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా కూడా పట్టుకెళ్లండి.