ఐర్లండ్ విలేకరులు ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రజల రోజువారీ బతుకు గురించి చెప్పేది ఎంతవరకు నమ్మవచ్చు?

జెరూసలేంలో 2011 నుంచి నాలుగేళ్లు ఒక పెద్దావిడను చూసుకునే పని చేశాను. ఇప్పుడు డబ్లిన్‌లో ఒక వృద్ధాశ్రమంలో అదే పని. ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. నా మట్టుకు వాళ్లను నమ్ముతాను. కాకపోతే వీధిని చూసినంత శ్రద్ధగా వాళ్లు ఇంటి లోపలికి చూడరనిపిస్తుంది.

మా భవనం మెట్లు బాగుచేయడానికి పాలస్తీనా పట్టణమైన బెత్లెహేం నుంచి ఒక తాపీ మేస్త్రీ వచ్చేవాడు. దూరం పట్టుమని పది కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా తెల్లవారుజామున మూడింటికే ఇజ్రాయెల్ చెక్‌పోస్టు దగ్గర వరుసలో నిలబడితే తప్ప ఏడింటికి పనిలోకి రాలేడు. వచ్చీ రాగానే సిమెంటు బస్తాకు ఆనుకుని పది నిమిషాలు కునుకు తీసేవాడు. ఐర్లండ్ విలేకరులు ఇలాంటివి రాయకుండా వదిలిపెట్టరు, దానికి కారణం వాళ్ల చరిత్రే. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పేటల మధ్య గోడలు నేటికీ ఉన్నాయి. క్యాథలిక్కుల వైపు పాలస్తీనా జెండా ఎగిరితే ప్రొటెస్టెంట్ల వైపు ఇజ్రాయెల్ జెండా! ఒకప్పుడు ఐర్లండ్‌ను హడలెత్తించిన బ్రిటిష్ పోలీసు దళం ‘బ్లాక్ అండ్ టాన్స్’లోని వాళ్లే వందల మంది 1922లో, అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న పాలస్తీనాకు పోలీసులుగా వెళ్లారు. సైనికుడు దారి ఆపి కాగితాలు అడగడమంటే ఏమిటో ఇక్కడి పెద్దవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

డబ్లిన్‌లో పుట్టిన ఓర్లా గెరిన్ 2000 తరువాతి రెండో ఇంతిఫాదా (పాలస్తీనీయుల తిరుగుబాటు) రోజుల్లో బీబీసీకి జెరూసలేం నుంచి వార్తలు పంపేవారు. ఆమెది ఏకపక్షమని ఇజ్రాయెల్ ప్రభుత్వం గట్టిగానే అభ్యంతరం చెప్పింది. డబ్లిన్‌లోనూ కార్క్‌లోనూ పెరిగిన మరో బీబీసీ విలేకరి ఫెర్గల్ కీన్ కథనాలైతే నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తాయి. రాజకీయ నాయకుడికంటే ముందు తల్లీ పిల్లా కనిపిస్తారు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక ఇజ్రాయెల్ విదేశీ విలేకరులను గాజాలోకి స్వేచ్ఛగా వెళ్లనివ్వలేదు కాబట్టి, అక్కడి దృశ్యాలు చిత్రీకరించింది గాజా వాళ్లే. ప్రాణాలకు తెగించి కెమెరా పట్టిన ఆ మనుషుల పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

ఇక ఇంటి లోపలి సంగతి. 2014 జూలైలో ఒక రాత్రి రాకెట్ దాడిని హెచ్చరిస్తూ సైరన్ మోగింది. జెరూసలేంలో దాక్కోవడానికి తొంభై సెకన్లు ఇస్తారు. మాది పాత భవనం, మూడో అంతస్తు, ఇంట్లో రక్షణ గది లేదు. నేను చూసుకునే సఫ్తాను (అమ్మమ్మను అక్కడ అలా పిలుస్తారు) చక్రాల కుర్చీలోకి ఎక్కించడానికే ఆ సమయం చాలదు. “నువ్వు దిగిపో” అందామె. ఇద్దరం వరండా గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఆమె చేయి నా చేతిలో వణుకుతూనే ఉంది. దూరంగా ఢామ్మని రెండు శబ్దాలు. తరువాత టీ అడిగింది.

ఈ భయం ఐర్లండ్ పత్రికల్లో అరుదుగా కనిపిస్తుంది. ఇజ్రాయెల్ అనగానే సైనికుడో మంత్రో. ఇక మాలాంటి వలస పనివాళ్ల ఊసు దాదాపు లేదు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌పై హమాస్ చేసిన దాడిలో థాయ్‌లాండ్ వ్యవసాయ కూలీలు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన సంరక్షకులు కూడా చనిపోయారు. అది చెబితే మా ఆశ్రమంలో ఒక ఐరిష్ నర్సు నమ్మలేదు, ఫోనులో వెతికి చూపించాల్సి వచ్చింది.