అయస్కాంతానికి వస్తున్నాయి, వెలగడం లేదు

ప్రశ్న: 10 నానోమీటర్ల మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడ్) రేణువులకు, ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసీన్ రంగు నేరుగా అంటించాం. అయస్కాంతం పెడితే చిటికెలో వచ్చేస్తున్నాయి కానీ వెలుగు దాదాపు లేదు. ఎంఆర్‌ఐకీ, మైక్రోస్కోప్‌కీ ఒకే రేణువు వాడాలని మా ప్రయత్నం. లోపం ఎక్కడ?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, వరంగల్

జవాబు: రంగు అంటుకునే ఉండొచ్చు. దాన్ని ఆర్పేస్తున్నది మాగ్నటైటే. రంగు అణువు ఆ నల్లటి ఆక్సైడ్‌ను ఆనుకుని ఉంటే, కాంతిగా బయటికి రావాల్సిన శక్తి అందులోకే పోతుంది. రంగు మోతాదు పెంచి లాభం లేదు, దూరం పెంచాలి. మధ్యలో 10 నానోమీటర్ల సిలికా పొర ఉంటే నష్టం బాగా తగ్గుతుంది.

చిటికెలో వస్తున్నాయన్నారు. ఇంత చిన్న రేణువులు విడివిడిగా ఉంటే మామూలు అయస్కాంతానికి అంత తొందరగా రావు. అంటే మీవి ముద్దకట్టాయి. ముందు సిట్రేట్‌తో విడదీయండి. తర్వాత 80 మి.లీ. ఇథనాల్, 20 మి.లీ. నీళ్లు, 1 మి.లీ. గాఢ అమ్మోనియా కలిపి, అందులో రేణువులు వేసి, ఇథనాల్‌లో పలచన చేసిన టీఈఓఎస్‌ను (సిలికా పొరగా మారే ద్రవం) చుక్కచుక్కగా, రెండు మూడు విడతల్లో వేయండి. మాగ్నెటిక్ స్టిరర్ వాడకండి, సరుకంతా దాని బిళ్లకే అంటుకుంటుంది. పైనుంచి తిప్పే మెకానికల్ స్టిరర్ కావాలి.

ఫ్లోరెసీన్ ఐసోథయోసైనేట్‌ను (ఫ్లోరెసీన్‌లో అతుక్కునే రూపం) ఏపీటీఈఎస్‌తో (రంగును సిలికాకు అతికించే రసాయనం) విడిగా, నీటి తడి లేని ఇథనాల్‌లో, చీకట్లో రాత్రంతా కలిపి ఉంచండి. తడి ఉంటే ఏపీటీఈఎస్ తనలో తానే అతుక్కుపోతుంది. ఈ మిశ్రమాన్ని చివరి విడత టీఈఓఎస్‌తో పాటు వేస్తే రంగు బయటి పొరలో కుదురుకుంటుంది.

కడిగేటప్పుడు అసలు పరీక్ష. బలమైన నియోడైమియం అయస్కాంతం పక్కన రాత్రంతా ఉంచి, పైన తేరిన ద్రవం మీద నీలం ఎల్‌ఈడీ వేయండి. ద్రవం తేటగా ఉండి పచ్చగా వెలిగితే అది అంటుకోని రంగు, ఇంకా కడగాలి. పాలలా ఉండి వెలిగితే లోపల ఇనుము లేని ఉత్త సిలికా ఉండలు. టీఈఓఎస్ ఒక్కసారిగా ఎక్కువ పడితే ఇలాగే అవుతుంది. ఇవి మైక్రోస్కోప్‌లో చక్కగా వెలుగుతాయి, ఎంఆర్‌ఐలో మాత్రం జాడ ఉండదు. ఈ పరీక్ష మానేస్తే మీ రెండు చిత్రాలూ రెండు వేరు వేరు వస్తువులవి అవుతాయి.

పొర మరీ మందమైనా కష్టమే. నీటి అణువులు ఇనుముకు దూరమై, టీ2 రకం ఎంఆర్‌ఐ చిత్రంలో ఇనుము వల్ల రావాల్సిన నలుపు పలచబడుతుంది.

పెట్రి డిష్‌లోని జీవకణాలకు ఫ్లోరెసీన్ చాలు. ఎలుకలో చూడాలంటే పనికిరాదు, ఆకుపచ్చ కాంతిని రక్తం, కండ మింగేస్తాయి. 650–900 నానోమీటర్ల మధ్య వెలిగే సై5.5 లాంటి రంగు తీసుకోండి. దాని ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ (అతుక్కునే రూపం) కూడా ఏపీటీఈఎస్‌తో కలుస్తుంది.