కాలర్లు ఉండగా హెవీ వెయిట్ పైపు ఎందుకు?

ప్రశ్న: కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈ మధ్య ఒక డ్రిల్లింగ్ కంపెనీ ఇంటర్వ్యూలో డ్రిల్ కాలర్‌కీ, హెవీ వెయిట్ డ్రిల్ పైపుకీ తేడా అడిగారు. ‘రెండూ బిట్ మీద బరువు వేయడానికే సార్, కాలర్ ఎక్కువ బరువుంటుంది’ అన్నాను. ‘అయితే కాలర్లే వేస్తే పోయె, ఆ రెండోది ఎందుకు?’ అన్నారు. నాకు మాట రాలేదు. వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. డ్రిల్లింగ్ వదిలేసి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోమంటారా?

జవాబు: ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయినందుకు నాలుగేళ్ల చదువును వదులుకోవద్దు. మీరు చెప్పింది తప్పు కాదు, సగం దగ్గర ఆగింది. మిగతా సగం ఇప్పుడు చూద్దాం.

బావి తవ్వే బిట్ పైన వరసగా బిగించిన పైపులన్నీ కలిపి స్ట్రింగ్. అందులో కింద మందపాటి కాలర్లు, పైన సన్నని డ్రిల్ పైపు, ఆ రెంటి మధ్య హెవీ వెయిట్ పైపు. ముందు బరువులు. 8 అంగుళాల కాలర్ లోపలి రంధ్రం 2.81 అంగుళాలే, తక్కినదంతా ఉక్కు. అడుగుకు దాదాపు 150 పౌండ్లు. అంటే 30 అడుగుల జాయింట్ (ఒక్క ముక్క) ఒక్కటే రెండు టన్నులు. 5 అంగుళాల హెవీ వెయిట్ పైపు అడుగుకు 49 పౌండ్ల పైచిలుకు. అదే 5 అంగుళాల మామూలు డ్రిల్ పైపు 19.5 పౌండ్లు. బరువు ఒక్కటే కావాలంటే కాలర్‌కు పోటీ లేదు.

ఆ బరువు ఎంత కావాలో లెక్క వేసి చూపించగలగాలి. బిట్ మీద 35,000 పౌండ్లు కావాలి, మడ్ (బావిలో తిప్పే బురద ద్రవం) గ్యాలన్‌కు 10 పౌండ్లు అనుకుందాం. మడ్‌లో ఉక్కు తేలికవుతుంది కాబట్టి 10ని ఉక్కు సాంద్రత 65.5తో భాగించి, వచ్చినదాన్ని 1 నుంచి తీసేస్తే 0.847. న్యూట్రల్ పాయింట్ (నొక్కుడు ఆగి లాగుడు మొదలయ్యే చోటు) కాలర్లలోనే ఉండాలని 15 శాతం అదనం కలిపితే గాలిలో సుమారు 47,500 పౌండ్ల కాలర్లు కావాలి. పదకొండు జాయింట్లు. మూడేసి జాయింట్ల స్టాండ్లుగా నిలబెడతాం కాబట్టి పన్నెండు వేస్తారు.

ఇక మీకు మాట రాని చోటుకు వద్దాం. కాలర్లు ఎక్కడో ఒక చోట ముగియాలి, ఆ పైన సన్నని డ్రిల్ పైపు మొదలవ్వాలి. గునపానికి సన్నని ఊచ అతికి వంచి చూడండి. గునపం కదలదు, వంపంతా అతుకు పక్కనే పడుతుంది. బావిలో స్ట్రింగ్ నిమిషానికి 120 సార్లు తిరుగుతుంటే ఆ చోటు గంటకు 7,200 సార్లు అటూ ఇటూ వంగుతుంది. ఇంటి పనిలో బైండింగ్ వైరును ఎలా తెంపుతారో చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అదే. ముందు సన్నని పగులు, దానిలోంచి మడ్ కారి వాషౌట్, పంపు ప్రెషర్ తగ్గడం, అప్పటికీ గమనించకపోతే పైపు తెగి బావిలో పడటం. తర్వాత రోజుల తరబడి ఫిషింగ్, అంటే ఆ తెగిన ముక్కను పైకి తీసే పని.

మీ స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకంలోని సెక్షన్ మాడ్యులస్ (వంపును ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) ఇక్కడే అక్కరకొస్తుంది. ఆ 8 అంగుళాల కాలర్‌కు సుమారు 49.5 ఘనపు అంగుళాలు, 3 అంగుళాల రంధ్రమున్న హెవీ వెయిట్ పైపుకు 10.7, డ్రిల్ పైపుకు 5.7. కాలర్ మీద నేరుగా డ్రిల్ పైపు పెడితే నిష్పత్తి 8.7. మధ్యలో హెవీ వెయిట్ పెడితే 4.6, ఆపైన 1.9. మామూలు బావుల్లో ఇది 5.5 దాటకూడదన్నది ఫీల్డ్‌లో వాడే లెక్క. పరిస్థితి కఠినంగా ఉంటే 3.5 లోపు ఉంచుతారు. అప్పుడు 4.6 కూడా ఎక్కువే కాబట్టి మధ్యలో ఆరున్నర అంగుళాల కాలర్లు కొన్ని చేరుస్తారు. ఈ ఒక్క మెట్టు వివరించగలిగితే మిమ్మల్ని అడిగినాయనకు జవాబు దొరికినట్టే.

వాలు బావుల సంగతి కూడా తెలుసుకోండి. సముద్రంలో ఒకే ప్లాట్‌ఫామ్ నుంచి నలుదిక్కులకూ వాలుగా తవ్వుతారు. కేజీ బేసిన్‌లో ఉద్యోగం చేయాలనుకునేవారికి ఇది తప్పదు. బావి బాగా వాలిపోయాక కాలర్లు అడుగు గోడ మీద పడుకుంటాయి. వాటి బరువు బిట్‌కు చేరదు సరికదా, రాపిడి పెరుగుతుంది, గోడకు అతుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది. అలాంటి బావుల్లో నిటారుగా ఉన్న పై భాగంలో హెవీ వెయిట్ పైపు పెట్టి కిందికి నెట్టిస్తారు. మధ్యలో ఉబ్బెత్తు ప్యాడ్ ఉండటం వల్ల పైపు ఒళ్లు గోడకు అంతగా రాసుకోదు, నొక్కుడును కూడా కొంత తట్టుకుంటుంది. మామూలు డ్రిల్ పైపుతో నిటారు బావిలో ఆ పని చేయిస్తే వంకర తిరుగుతుంది.

రిగ్ ఫ్లోర్ మీద ఇంకో తేడా కనిపిస్తుంది. నున్నటి కాలర్‌ను ఎత్తాలంటే పట్టు కోసం పైన లిఫ్ట్ సబ్ అనే ముక్క బిగించాలి, పైపును పట్టి ఉంచే స్లిప్స్ పైన జారకుండా సేఫ్టీ క్లాంప్ వేయాలి. హెవీ వెయిట్‌కు టూల్ జాయింట్ (చివర్లో లావుపాటి అతుకు) ఉంటుంది కాబట్టి డ్రిల్ పైపును ఎత్తే పట్టు, అంటే ఎలివేటర్‌తోనే లాగేస్తారు. ట్రిప్‌లో (స్ట్రింగ్‌ను పైకి తీసి దించేటప్పుడు) ఎంతో సమయం కలిసొస్తుంది. అనుభవం లేనివాళ్లు ఈ మాట చెప్పరు. మీరు చెబితే తప్పక గుర్తుపెట్టుకుంటారు.

సాఫ్ట్‌వేర్ సంగతంటారా, ఆ నిర్ణయం ఇంటర్వ్యూ భయంతో తీసుకోవద్దు. చాలా రిగ్గుల మీద పద్నాలుగు రోజులు పని, పద్నాలుగు రోజులు ఇల్లు. పన్నెండు గంటల షిఫ్టులు, రాత్రి డ్యూటీలు, ఇంట్లో పెళ్లికి కూడా వెళ్లలేని రోజులు ఉంటాయి. ఆ జీవితం మీకు వద్దనిపిస్తే మానేయండి, అది సరైన కారణం. కావాలనిపిస్తే మాత్రం ఈ నెల రోజులూ రోజుకొక స్ట్రింగ్ బొమ్మ గీయండి. బిట్ నుంచి పైకి ఒక్కో భాగం వ్యాసం, రంధ్రం, బరువు రాసి, పైన చెప్పిన రెండు లెక్కలూ చేయండి. ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న వస్తే ఒక కాగితం అడిగి, గీస్తూ చెప్పండి.