పిల్లి గీరింది, పాపకు చంకలో గడ్డ వచ్చింది. పిల్లిని వదిలేయాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. చిత్తూరు దగ్గర పల్లె, ఇంట్లో పిల్లిపిల్ల, కుక్క, రెండు ఆవులు. పాప చేతిని పిల్లి గీరి మూడు వారాలైంది, ఇప్పుడు చంకలో గడ్డ. వీటి రోగాలు ఒకదాన్నుంచి ఒకదానికి, మాకూ అంటుకుంటాయా అని మీరు అడిగారు. మీ అత్తగారేమో పిల్లిని గోనెసంచిలో వేసి ఊరిబయట వదిలి రమ్మంటున్నారు. సంచి సంగతి తర్వాత చూద్దాం. ముందు పాపను డాక్టరుకు చూపించండి. కూర్చోగానే మీ అంతట మీరే "మా ఇంట్లో పిల్లి ఉంది, గీరింది" అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పక మేము నెల రోజులు నలిగిపోయాం.

మాది తిరుపతి, కొర్లగుంట. 2021 నవంబరు వానలకు ఊరంతా నీళ్లలో ఉన్నప్పుడు, మెట్ల కింద వణుకుతున్న పిల్లిపిల్లను మావాడు పట్టుకొచ్చాడు. వాడికప్పుడు ఎనిమిదేళ్లు. ఆడుకుంటుంటే ముంజేతి మీద గీరింది. వారం తర్వాత అక్కడ చిన్న ఎర్రటి పొక్కు లేచింది. దోమ కుట్టిందనుకున్నాం. ఇంకో పది రోజులకు అదే వైపు చంకలో ఉసిరికాయంత గడ్డ, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడడం, అన్నం సయించకపోవడం. మొదట చూసిన డాక్టరు టీబీ ఏమో అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, మన దేశంలో ఇలా గడ్డలు కడితే ముందు తట్టేది అదే. గడ్డలో సూది గుచ్చి పరీక్షకు పంపారు, ఎక్స్‌రే తీశారు. రిపోర్టు వచ్చేదాకా మా ఆవిడ నిద్రపోలేదు. టీబీ కాదని తేలింది, కానీ మరేమిటో ఎవరూ చెప్పలేదు.

తర్వాత చూపించిన పెద్ద డాక్టరమ్మ గడ్డను వదిలేసి వాడి చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఆరిన పొక్కు మచ్చ కనపడగానే "ఇంట్లో పిల్లి ఉందా?" అంది. ఉందని తలూపాం. అప్పుడు తెలిసింది దీని పేరు క్యాట్ స్క్రాచ్ డిసీజ్ అని. బార్టొనెల్లా హెన్సెలే అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. అయిదు రోజులు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. జ్వరం తొందరగానే పోయింది, గడ్డ పూర్తిగా కరగడానికి మాత్రం రెండు నెలలు పైనే పట్టింది. చాలామందికి మందు లేకుండా కూడా అదే తగ్గుతుందట. క్యాన్సర్ మందులు వాడేవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, గుండె కవాటాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

ఆ డాక్టరమ్మే మమ్మల్ని గట్టిగా తిట్టింది కూడా, గీరిన రోజే రేబిస్ సూది ఎందుకు వేయించలేదని. కుక్క కరిస్తేనే సూది అనుకునేవాళ్లం. రేబిస్ బ్యాక్టీరియా కాదు, వైరస్. అయినా పిల్లి గీరినా కరిచినా ఆ సూది అవసరమా అన్నది ఆ రోజే అడగాలి. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి ఏదీ అద్దకూడదు. గీరిన తర్వాత పది రోజులు దాటినా మీ పిల్లి మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటే ఆ గీరుడు గురించి భయం చాలావరకు తీరినట్టే. అయినా ఈ మాట కూడా డాక్టరుతో అనండి.

ఇక మీ అసలు ప్రశ్న. బార్టొనెల్లాను పిల్లి నుంచి పిల్లికి మోసేది ఫ్లీ అనే పురుగు. కుక్కలకు, ఆవులకు పట్టే పిడుదు వేరు, అది చర్మానికి అతుక్కుని ఉబ్బుతుంది. ఫ్లీ నువ్వుగింజ కంటే చిన్నది, వెంట్రుకల మధ్య పరుగెడుతుంది, పట్టబోతే గెంతుతుంది. దాని మలంలో ఆ బ్యాక్టీరియా ఉంటుంది. పిల్లి గోక్కున్నప్పుడు అది గోళ్లలో చేరి, గీరినప్పుడు మన చర్మంలోకి దిగుతుంది. పిల్లికి మాత్రం చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. ఏడాది లోపు పిల్లిపిల్లలతోనే ఎక్కువ జాగ్రత్త.

ఫ్లీ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. పిల్లి ఒంటిని పేలదువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి తెల్లగుడ్డ మీద వేయండి. చుట్టూ ఎర్రగా దిగితే అది మట్టి కాదు, ఫ్లీ తాగి విసర్జించిన రక్తం. మా పిల్లికి గుడ్డంతా ఎర్రబడింది.

మందు పశువుల డాక్టరు చెప్పిందే వేయాలి. మేము తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాం. మెడ వెనక, నాలుక అందని చోట చుక్కలు వేశారు, నెలనెలా వేయమన్నారు. ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి: మీ కుక్కకు వాడే మందు పిల్లికి వేయకండి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నవి కుక్క తట్టుకుంటుంది, పిల్లి ప్రాణం పోవచ్చు. కుక్కకూ అదే రోజు దాని మందు వేయించండి, ఎందుకంటే పిల్లి ఫ్లీ కుక్క మీదికీ ఎక్కుతుంది.

గీరడం కంటే నాకు కరవడమంటేనే భయం. మా ఆవిడ రెండు పిల్లుల పోట్లాట విడదీయబోతే ఒక పిల్లి బొటనవేలి దగ్గర కరిచింది. పైకి రెండు సూదిపోట్లే. రాత్రికి చెయ్యి వాచి గాజు ఎక్కలేదు. పిల్లి నోట్లో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది. సన్నటి పళ్లు దాన్ని లోతుకు దించుతాయి, పైన రంధ్రం మూసుకుంటుంది. ఇరవైనాలుగు గంటల లోపే వాపు వస్తుంది, ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆవుల దగ్గర వేరే సంగతులు. పచ్చిపాలు తాగితే, నెలలు నిండకుండా ఈచుకుపోయిన దూడను, మాయను ఉత్త చేతులతో తీస్తే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా అంటుకోవచ్చు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన వాననీళ్లలో పగిలిన కాళ్లతో తిరిగితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. పాప గడ్డకు వీటితో సంబంధం ఉండకపోవచ్చు, కానీ ఆవులున్నాయని కూడా డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు ఆ గోనెసంచి. ఫ్లీ గుడ్లు పిల్లి ఒంటి మీద ఆగవు, అది పడుకునే గోతాల్లో, పరుపు మడతల్లో, నేల సందుల్లో రాలి ఉంటాయి. పిల్లిని పంపేస్తే పొదిగిన పురుగులు ఆకలికి మీ కాళ్లనే కుడతాయి. మీ అత్తగారికి ఆ తడిగుడ్డ చూపించి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికించండి.